మంగళవారం మందు

యూనివర్సిటీలో నన్ను కత్తెరమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. ఇరవై రెండేళ్లుగా అక్కడి తోట నా చేతుల మీదే నడుస్తోంది. ఆరుగురు పనివాళ్లకు నేను మేస్త్రీని. వాళ్లు మిషన్‌తో గడ్డి కోసి వెళ్లాక, మిషన్ అందని మూలల్లో, చెట్ల మొదళ్ల దగ్గర, మెట్ల పక్కన నేను కత్తెర పట్టుకుని కూర్చుంటాను. ఒక్క పరక తలెత్తి నిలబడినా నాకు అన్నం సయించదు. అది జబ్బని మా ఆయన అంటాడు. జబ్బయితే జబ్బే, దాని పుణ్యమా అని మా లైబ్రరీ ముందు పచ్చిక చాప పరిచినట్టు ఉండేది.

నా గురించి ఇంకో మాట కూడా ప్రచారంలో ఉంది. కత్తెరమ్మ హస్తవాసి గొప్పది, ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది అంటారు. కొత్త భవనం కట్టినా, కొత్త అధికారి వచ్చినా, మొక్క నాటాల్సి వస్తే ఫొటోకి పెద్దవాళ్లు నిలబడతారు. మొక్కను గోతిలో పెట్టి మట్టి కప్పేది మాత్రం నేను. పొగిడితే నమ్మనివాళ్లు ఎవరుంటారు? నేనూ నమ్మాను.

మా తోడికోడలి సంగతి దీనికి తలకిందులు. ఆమె మా మరిది భార్య, నాకంటే నాలుగేళ్లు చిన్నది. యూనివర్సిటీ వెనక గోడకు ఇటువైపు నా కంచె మొక్కలు, అటువైపు వాళ్ల వీధి. అటువైపు గోడ వెంబడి ఉన్న ఖాళీ జాగాను కాలనీ సంఘంవాళ్లు మళ్లుగా చేసి, పెంచుకుంటామన్న వాళ్లకు తలా ఒకటి ఇచ్చారు. మా తోడికోడలి మడి రెండు మంచాలు వేసేంత ఉంటుంది. గుమ్మడీ దోసా పెట్టేది. మొదట్లో బాగానే కాసేవి. ఆ తర్వాత ఆరేళ్ల పాటు పట్టుకుంది దరిద్రం. తీగ ఏపుగా పాకేది, పూలు విచ్చేవి, పిందె కనిపించేది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పిందె పసుపెక్కి, కొస కుళ్లి, రాలిపోయేది. ఆమె విత్తనం మార్చింది, ఎరువు మార్చింది, ఒక ఏడాదైతే మట్టే మార్చింది.

"ఇక మార్చాల్సింది నీ చేతులేనే" అన్నాను ఒకరోజు నవ్వుతూ.

తనూ నవ్వింది. కానీ ఆ మాట అక్కడితో ఆగలేదు. నేనే ఇంకో నాలుగు చోట్ల అని ఉంటాను, నా నోటి సంగతి నాకు తెలుసు. పోనుపోను "పాపం, ఆమె చెయ్యి మంచిది కాదు" అని పక్కింటివాళ్లూ అనడం మొదలుపెట్టారు. విత్తనాలు పంచుకునేటప్పుడు ఆమె చేతికి ఇవ్వకుండా కోడలి చేతికి ఇచ్చేవాళ్లు. తను ఎవరినీ ఏమీ అనేది కాదు. మా ఇంట్లో ఇద్దరు కోడళ్లకు రావలసిన నోరు నాకొక్కదానికే పంచారని మా అత్తగారు అంటూ ఉండేది.

పోయిన ఏడాది జీవశాస్త్రం విభాగానికి ఒక కొత్త మేడం వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తలమీద తన భుజాలంత వెడల్పు టోపీ. ఎప్పుడు చూసినా ఏదో ఒక పువ్వు ముందు నోటుపుస్తకం తెరిచి గొంతుక్కూర్చుని ఉండేవారు. వారం తిరక్కుండానే మావాళ్లు పురుగుల మేడం అని పేరు పెట్టేశారు. తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ మా యూనివర్సిటీ, దాని చుట్టుపక్కల కాలనీలు అనువుగా ఉండాలని ఆమె పట్టుదల. రిజిస్ట్రార్‌గారి దగ్గర ఒక ఏడాదికి అనుమతి తెచ్చుకున్నారు. ఆర్డరు కాగితం నా చేతికొచ్చింది. వెనక గోడ పక్క గడ్డి కోయకూడదు. ఎక్కడా పురుగుమందు కొట్టకూడదు. గోడ మొదట్లో ఎండ తగిలే మట్టిగట్టు మీద ఏమీ నాటకుండా బోడిగా వదిలెయ్యాలి.

"గడ్డి కోయకపోతే పాములొస్తాయి మేడం" అన్నాను.

"ఇప్పటిదాకా ఎన్ని చూశారు?"

"కోస్తున్నాం కాబట్టి చూడలేదు."

ఆమె నవ్వారు. నేను హాస్యమాడనప్పుడు ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

"మందు ఆపితే కంచెకి పేనుబంక పడుతుంది."

"పడనివ్వండి. దాన్ని తినేవి కూడా వస్తాయి. మనం వాటిని కూడా చంపేస్తున్నాం."

గడ్డి సంగతి ఎలాగో సర్దుకున్నాను గానీ, మందు ఆపడం మాత్రం నాకు కష్టంగా తోచింది. అంతకు ఆరేళ్ల ముందు మాకు మోటారు మిషన్ కొన్నారు. అంతకుముందు చేతిపంపుతో కొడితే మోకాలెత్తు దాటేది కాదు, ఇది నిలువెత్తు మనిషి తలమీదుగా పొగమంచులా చిమ్మేది. దాన్ని నేను ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. ప్రతి మంగళవారం తెల్లవారగానే, పిల్లలు క్లాసులకు రాకముందే వాసన పోవాలని, నేనే వీపుకు తగిలించుకుని గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. మోటారు చప్పుడు వినగానే గోడ అవతల నుంచి మా తోడికోడలు "ఉండక్కా, బట్టలు తీసేసుకుంటా" అని కేకేసేది. నేను ఆగేదాన్ని. తను దండెం మీద ఆరేసిన బట్టలన్నీ లోపలికి తీసుకెళ్లేది. అప్పుడు కొట్టేదాన్ని. అలాంటి మిషన్‌ను తుడిచి, గోనెపట్టా కప్పి, షెడ్డులో పెట్టి తాళం వేశాను. ఆర్డరు ఆర్డరే.

ఈ కాపుకు విత్తే వేళకు మా తోడికోడలు నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈసారి గింజలు నువ్వే నాటిపెట్టు. నేను ముట్టుకోను."

నేను ఉతికిన మంచి బట్టలు వేసుకుని, సభకు పిలిచిన పెద్దమనిషిలా వెళ్లాను. పన్నెండు గింజలు నాటాను. తను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మడికి బారెడు దూరంలో నిలబడి చూసింది. నేనది గమనించాను. గమనించి సంతోషపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నాకు బాగానే అనిపించింది.

ఆ తీగలు కాశాయి. మామూలుగా కాదు, ఆకు ఎత్తితే కాయ. పదకొండు గుమ్మడికాయలు లెక్కకొచ్చాయి. వీధి వీధంతా వచ్చి చూసి, చెయ్యంటే కత్తెరమ్మదే అన్నారు. అందరూ వెళ్లాక మా తోడికోడలు నన్ను పక్కకు పిలిచింది.

"ఈ కాపు కోశాక మడి నీ పేరున మార్పించేస్తా అక్కా. సంఘంలో చెప్పాను కూడా. నా దగ్గరుంటే మట్టి దండగ."

"ఆలోచిద్దాంలే" అన్నాను.

నేను ఆలోచిద్దాంలే అంటే సరేనని అర్థం. ఆ సంగతి మా రెండిళ్లలోనూ అందరికీ తెలుసు.

అప్పటికి మేడంకి ఇచ్చిన ఏడాది గడువు అయిపోవచ్చింది. బుధవారం పదకొండింటికి సమావేశం పెట్టారు. రిజిస్ట్రార్‌గారు, కాలనీ సంఘంవాళ్లు, గోడ పక్క మళ్లున్నవాళ్లు అందరూ వస్తారు. ముందు వెనక గోడ దగ్గర చూసి, తర్వాత హాల్లో కూర్చుని తేలుస్తారు. పని కొనసాగించి కాలనీకి కూడా విస్తరించడమా, లేకపోతే గోడకు ఇటువైపు జాగాను చదును చేసి స్కూటర్లు నిలుపుకోవడానికి ఇచ్చెయ్యడమా అన్నది అప్పుడు తేలాలి.

మంగళవారం మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే అటు వెళ్లాను. గడ్డి నడుమెత్తు పెరిగి ఉంది. కళ్లు మూసుకుని దాటేశాను. మట్టిగట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా వల్ల కాలేదు. గట్టు నిండా బొరియలు. పెన్సిలు దూరేంతవి, ముప్పయ్యో నలభయ్యో ఉన్నాయి, ఒక్కోదాని చుట్టూ పొడిమట్టి కుప్ప. చీమలో చెదలో అనుకున్నాను. రేపు నలుగురూ వచ్చి ఇది చూస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి? నా సంగతి అలా ఉంచి, ఆ మేడంని తలుచుకున్నా జాలేసింది. మనిషి చెడ్డది కాదు, తిక్క అంతే. రిజిస్ట్రార్ ముందు ఆమె పరువు పోకూడదు అనుకున్నాను. జల్లెడ పట్టిన మట్టి తెచ్చి ఒక్కో బొరియా పూడ్చాను. నీళ్లు చిలకరించాను. దిమ్మిస తీసుకుని గట్టు పొడవునా కొట్టాను. రెండు గంటలు పట్టింది. అరిగిన అరుగులా నున్నగా వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు అన్నం సయించింది.

బుధవారం ఏడింటికే మేడం వచ్చారు. నేను గట్టు పక్కనే నిలబడి ఉన్నాను, మెచ్చుకుంటారని. ఆమె గట్టును చూసి, టోపీ తీసి, నేలమీద కూలబడ్డారు.

"ఎవరు చేశారు?"

"నేనే మేడం. ఎలా ఉంది?"

అరుస్తారేమో అనుకున్నాను, అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, సరిపోయేది.

"అవి ఇళ్లమ్మా" అన్నారు చివరికి. "ఈ రకం తేనెటీగలకు పట్టు ఉండదు. ఒక్కో ఈగ ఒక్కో బొరియ తవ్వుకుని, అందులో గుడ్డు పెట్టి, దానికి తిండి దాచుకుంటుంది. వీటి కోసమే నేను ఏడాదంతా ఎదురుచూశాను."

నేను ఏదో అనబోయి గట్టు వైపు చూశాను. నున్నగా దిమ్మిస కొట్టిన మట్టి మీద జానెడెత్తున చిన్న చిన్న ఈగలు తిరుగుతున్నాయి. వాలుతున్నాయి, లేస్తున్నాయి, మళ్లీ అక్కడే వాలుతున్నాయి. బజారుకు వెళ్లి వచ్చేసరికి తలుపు ఉన్నచోట గోడ కట్టేసి ఉంటే మనిషి ఎలా తడుముకుంటాడో అలా తడుముకుంటున్నాయి. వాటి కాళ్లకు పసుపుపచ్చని పొడి ముద్దగా అంటి ఉంది. ఆ పసుపు నాకు తెలుసు. ముట్టుకుంటే చేతికి జిగటగా పట్టుకునే గుమ్మడిపూల పుప్పొడి అది.

"ఇవి గుమ్మడికి వెళ్తాయా?"

"గోడ అవతల మడిలో ఉందిగా. పొద్దున పువ్వు విచ్చగానే అందరికంటే ముందు వెళ్లేవి ఇవే. మగపువ్వులో పుప్పొడి ఆడపువ్వుకు చేరకపోతే పిందె నిలవదు."

"పసుపెక్కి, కొస కుళ్లి, రాలిపోతుంది" అన్నాను.

"అవును. మీకు తెలుసే."

ఆమె నోటుపుస్తకం తెరిచి చూపించారు. పోయిన ఏడాది, మందు ఆపకముందు, ఆమె గోడ అవతల పూల దగ్గర పది ఉదయాలు అరగంట చొప్పున కూర్చున్నారట. పది గళ్లలోనూ సున్నాలే. మందు ఆపిన మూడో నెల్లో మొదటి ఈగ వచ్చింది. తర్వాత గళ్లలో రెండు, ఐదు, పద్నాలుగు.

"ఆ మోటారు మిషన్ ఎన్నాళ్లు వాడారు?"

"ఆరేళ్లు."

ఆ అంకె నా నోటితో నేనే చెప్పాకగానీ నా చెవిన పడలేదు. మంగళవారం తెల్లవారగానే, సరిగ్గా గుమ్మడిపువ్వు విచ్చే వేళకు, గోడ మీదుగా పొగమంచులా చిమ్మినదాన్ని నేనే. వినయంగా బట్టలు తీసుకుని లోపలికి వెళ్లింది తను. బట్టలు తీసుకుంది గానీ పూలు ఎక్కడికి తీసుకెళ్తుంది?

అప్పటికీ నా బుద్ధి పూర్తిగా లొంగలేదు. ఏమో, గింజలు నాటింది నేనే కదా, నా చెయ్యి కూడా కొంత ఉండకపోతుందా అనుకుంటూ గేటు దాటి వీధిలోకి వెళ్లాను. మా తోడికోడలు ఇంట్లో లేదు. ఏడేళ్ల మనవరాలు మడి దగ్గర ఆడుకుంటోంది. నీళ్ల డ్రమ్ము వెనక ఒక పగిలిన టబ్బు, టబ్బులో గుమ్మడితీగ, ఆకుల కింద రెండు కాయలు. నేను నాటినవి పన్నెండూ వరసలో ఉన్నాయి. ఈ టబ్బులో నేను ఏమీ పెట్టలేదు.

"ఇది ఎవరు నాటారమ్మా?"

"నాయనమ్మ. ఎవరికీ చెప్పొద్దంది."

"ఎందుకు?"

"నీ చేతి గాలి తగిలి ఇది కూడా కాసిందంట. చెబితే దిష్టి తగిలి పోతుందంట."

డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాను.

పదకొండింటికి హాలు నిండిపోయింది. గోడ దగ్గర అందరూ చూసి వచ్చారు. నున్నటి గట్టు మీద చూడటానికి ఏముంది, అందరూ తలలూపి వచ్చారు. మేడం లేచి మాట్లాడారు. నిన్నటిదాకా అక్కడ ముప్పై ఎనిమిది గూళ్లు ఉన్నాయని, పొరపాటున పూడిపోయాయని చెప్పారు. ఎవరి పొరపాటో చెప్పలేదు.

రిజిస్ట్రార్‌గారు గడియారం చూసుకున్నారు. "పురుగులు వచ్చాయి, పోయాయి. బాగుంది. మరి పిల్లలు స్కూటర్లు ఎక్కడ పెట్టుకోవాలమ్మా?"

కాలనీ సంఘం అధ్యక్షుడు అందుకున్నాడు. "మేడంగారు మా వీధిలో గుమ్మడి కాసిందని గొప్పగా చెబుతున్నారు. అది కత్తెరమ్మ హస్తవాసి సార్! పన్నెండు గింజలు నాటితే పదకొండు కాయలు! దానికి పురుగులెందుకు?"

హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టారు. అందరూ నా వైపు తిరిగారు. ఆఖరి వరసలో మా తోడికోడలు కూడా చప్పట్లు కొడుతోంది. నేను కూర్చుంటే సరిపోయేది. కాసేపు కూర్చోవాలనే అనిపించింది కూడా.

లేచాను.

"ఆ చప్పట్లు ఆపండి. ఈ చేత్తోనే ఆరేళ్లు మందు కొట్టాను. మంగళవారం మంగళవారం, పూలు విచ్చే వేళ చూసి మరీ కొట్టాను. గోడ అవతల ఒక్క ఈగ కూడా మిగల్లేదు. మా తోడికోడలి పిందెలు రాలింది అందుకు. ఆమె చెయ్యి మంచిది కాదని మొదట అన్నది కూడా నేనే. ఈ ఏడాది కాసింది నేను నాటినందుక్కాదు, మందు ఆపినందుకు. ఆమె తన చేత్తో టబ్బులో పెట్టింది, అది కూడా కాసింది. వెళ్లి చూసుకోండి. నిన్న ఆ గట్టు పూడ్చింది కూడా నేనే. చెదలనుకున్నాను."

నా వైపు తిరిగిన తలలన్నీ ఆఖరి వరస వైపు తిరిగాయి.

"అమ్మా, మీరు చెప్పేదాన్ని బట్టి చూస్తే తప్పు తోట విభాగానిది అవుతుంది" అన్నారు రిజిస్ట్రార్‌గారు నెమ్మదిగా.

"విభాగం అంటే ఎవరు సార్, నేనే గదా."

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. మళ్లున్న మిగతావాళ్లు ఒక్కొక్కళ్లే లేచి, తమ దోసపాదులు కూడా ఆ ఆరేళ్లే సరిగ్గా కాయలేదని గుర్తు చేసుకున్నారు. గోడ పక్క జాగాను ఇంకో రెండేళ్లు ముట్టుకోకూడదని, కాలనీలో కూడా ఎవరూ పూల మీద మందు కొట్టకూడదని రాసుకున్నారు. మోటారు మిషన్ పెట్టిన షెడ్డు తాళంచెవి నేను టేబుల్ మీద పెట్టాను. ఆఖరి వరస వైపు చూసేసరికి మా తోడికోడలి కుర్చీ ఖాళీగా ఉంది.

రెండు రోజులు నేను ఆ వీధిలోకి వెళ్లలేదు. భయం వేసింది, అంతకంటే ఏమీ లేదు. రోజూ పొద్దున్నే గట్టు దగ్గర నిలబడి చూసేదాన్ని, కత్తెర లేకుండా. మొదటి రోజు ఒక్క బొరియా లేదు. రెండో రోజు రెండు తెరుచుకున్నాయి. మూడో రోజు ఏడు. మేడం నా పక్కనే గొంతుక్కూర్చుని లెక్క రాసుకున్నారు. ఆ ఏడూ చూశాక ధైర్యం తెచ్చుకుని వీధిలోకి వెళ్లాను.

తను మడి గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మడి నా పేరున వద్దు" అన్నాను.

"నేనూ ఇవ్వను" అంది.

ఒక పువ్వులో ఈగ దూరి, వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చింది.

"పోయిన ఏడాది బళ్లో చిక్కుడుగింజ నాటి తెమ్మన్నారు" అంది తను. "పిల్ల గింజ పట్టుకుని సరాసరి నా దగ్గరికే వచ్చింది. నా చేత్తో వద్దు, మీ అమ్మ చేత నాటించుకో అన్నాను. మూడుసార్లు అడిగిందక్కా. మూడుసార్లూ వద్దన్నాను."

ఇరవై రెండేళ్లు ఆరుగురి మీద అరిచిన నోరు నాది. ఆ నోటికి ఇప్పుడు తిట్లు తినాలనిపించింది. ఏడుపొచ్చింది.

"తిట్టవే" అన్నాను.

"తిట్టడం నాకు రాదు. అది కూడా నీకే పంచారు."

తను లేచి లోపలికి వెళ్లి, ఒక కప్పులో మట్టి, గుప్పెట్లో నాలుగు చిక్కుడుగింజలు తెచ్చింది. మనవరాల్ని కేకేసింది. పిల్ల పరుగెత్తుకొచ్చి కప్పు పట్టుకుంది. అలవాటు చొప్పున నా చెయ్యి ముందుకు వెళ్లింది, గింజల కోసం. తను గుప్పెట మూసి వెనక్కి తీసుకుంది.

"నువ్వు నాటకు" అంది. "నీళ్లు పొయ్యి."

తను ఒక్కో గింజా వేలితో మట్టిలోకి నొక్కింది. నేను నీళ్లు పోశాను.